కుట్టు సగం.. ఇస్త్రీ సగం!

- తోయడం వేరు.. అదమడం వేరు
- బ్లౌజుకు, బొంతకు వన్నె తెచ్చే మెలకువలు
- పాత కంబళి, చపాతీ పీటలే పనిముట్లు

రాయచూరు: కొలత సరిగ్గానే ఉంది. కత్తిరింపు బాగానే కుదిరింది. మిషన్ కుట్టు కూడా వంకర లేకుండా పడింది. అయినా బ్లౌజు వేసుకుంటే భుజం దగ్గర చిన్న ముడత. మెడ చుట్టూ పైపింగ్ మెలికలు. హుక్సు పట్టీ నిలబడదు. చూసినవాళ్లు 'ఇంట్లో కుట్టినట్టుందే' అనేస్తారు. అదే గుడ్డ, అదే కొలత బజారులో పాత టైలరు చేతికిస్తే ఎందుకంత నీటుగా వస్తుంది? తేడా కత్తెరలో లేదు, సూదిలోనూ లేదు. చాలాసార్లు ఆ తేడా పక్కనే ఉన్న ఇస్త్రీ పెట్టెలో ఉంటుంది.

ఇంట్లో కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఇస్త్రీని ఆఖరి పనిగా చూస్తారు. కుట్టడమంతా అయ్యాక, ఇచ్చేముందు ఓసారి పైపైన తోసేసి మడత పెట్టేస్తారు. చేయి తిరిగిన దర్జీలు అలా చేయరు. కుట్టుకీ కుట్టుకీ మధ్య పెట్టె పడాల్సిందే. మిషన్ మీద ఎంతసేపు కూర్చుంటారో, ఇస్త్రీ బల్ల దగ్గర దాదాపు అంతసేపు నిలబడతారు. అందుకే కుట్టు సగం, ఇస్త్రీ సగం అనడం.

రాయచూరు, సింధనూరు, మాన్వి, దేవదుర్గ, లింగసుగూరు.. ఎక్కడ చూసినా ఇంటి మిషన్ మీద బ్లౌజులు, ఫాల్స్, పిల్లల గౌన్లు కుట్టి నాలుగు డబ్బులు చూసుకునే ఇల్లాళ్లు ఉన్నారు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చి సింధనూరు, మాన్వి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ అంతే. పొలం పని లేని రోజుల్లో మిషనే చేదోడు. అయితే ఈ పనిలో లాభం ఎంత సన్ననిదో, నష్టం అంత పెద్దది. బ్లౌజుకు కూలి వందల్లో ఉంటుంది. పక్కన పెట్టిన గిరాకీ పట్టు చీర ఖరీదు వేలల్లో ఉంటుంది. పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆగిందా.. నెల కష్టం పొగైపోయినట్టే. డబ్బుతో పాటు పేరూ పోతుంది. అందుకే ఈ మెలకువలు తెలుసుకోవడం వన్నె కోసమే కాదు, బతుకు తెరువు కోసం కూడా.

చెంబు నుంచి కరెంటు పెట్టె దాకా

'ఇస్త్రీ' మన మాటలా వినిపిస్తుంది కానీ పోర్చుగీసుల నుంచి వచ్చింది. వాళ్ల భాషలో సాగదీయడాన్ని 'ఎస్తిరార్' అంటారు. అది తెలుగులోనూ, కన్నడలోనూ ఇస్త్రీగా స్థిరపడిపోయింది. మాట రాకముందు పని లేదని కాదు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, దాని అడుగుతో పంచెల ముడతలు తీసిన ఇళ్లు ఎన్నో. అదీ కుదరకపోతే తడి ఆరీ ఆరని బట్టను చేత్తో సాగదీసి, మడిచి, పరుపు కింద పెట్టి పడుకునేవాళ్లు. పొద్దున్నే మడత కత్తిలా నిలబడేది. వేడి, తేమ, బరువు.. ఈ మూడింటిలో రెండున్నా పని జరుగుతుందని అప్పటివాళ్లకు తెలుసు.

ఆ తర్వాత బొగ్గుల పెట్టె వచ్చింది. కరెంటు ఇస్త్రీ పెట్టెకు 1882లో న్యూయార్క్‌కు చెందిన హెన్రీ సీలీ పేటెంటు తీసుకున్నాడు. మన పల్లెలకు అది చేరడానికి చాలా కాలం పట్టింది. 1985లో శక్తినగర్ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైంది. అంతకుముందు పెట్టెలోనే మండిన బొగ్గు, ఆ తర్వాత కృష్ణ ఒడ్డున బాయిలర్లలో మండి తీగ మీద వస్తోందన్న మాట. ఇప్పటికీ వీధి చివర బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే మడివాళ, రజక కుటుంబాలు ఉన్నాయి. ఈ బండ్లకు సూర్యరశ్మితో నడిచే మార్గం చూపిన తమిళనాడు తిరువణ్ణామలై బాలిక వినీషా ఉమాశంకర్‌కు 2020లో స్వీడన్ సంస్థ నుంచి బాలల వాతావరణ పురస్కారం దక్కింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆ అమ్మాయి మాట్లాడింది కూడా.

తోయడం వేరు.. అదమడం వేరు

ఉతికిన చొక్కాను ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెను ముందుకు, వెనక్కు తోస్తాం. అది కుట్టి పూర్తయిన బట్టకు సరిపోతుంది. కుట్టే దశలో ఉన్న ముక్కకు ఆ పని చేస్తే గుడ్డ సాగుతుంది. ముఖ్యంగా క్రాసుగా కత్తిరించిన మెడ, చంక, పైపింగ్ ముక్కలు రబ్బరులా సాగిపోతాయి. ఒకసారి సాగినవి మళ్లీ కొలతకు రావు. భుజం దగ్గర ముడత పడేది ఇందుకే.

కుట్టేటప్పుడు చేయాల్సింది తోయడం కాదు, అదమడం. పెట్టెను పైకెత్తాలి. కావాల్సిన చోట దించాలి. నాలుగైదు సెకన్లు ఉంచాలి. మళ్లీ పైకెత్తి పక్కన దించాలి. పెట్టె గుడ్డ మీద నడవకూడదు, అడుగులు వేయాలి. అంతే తేడా.

దీని వెనక లెక్క ఉంది. నూలు పోగులో ఉన్న సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి సన్నని బంధాలతో పట్టుకుని ఉంటాయి. తేమ, వేడి కలిసినప్పుడు ఆ పట్టు సడలుతుంది. ఆరి చల్లారేటప్పుడు మళ్లీ బిగుస్తుంది. ఆ బిగిసే సమయంలో గుడ్డ ఏ రూపంలో ఉంటే ఆ రూపమే నిలుస్తుంది. అందుకే పెట్టె తీసిన వెంటనే ముక్కను లాగి పక్కన పడేయకూడదు. అర నిమిషం అలాగే చల్లారనివ్వాలి. చాలామంది చేసే తప్పు ఇదే. వేడి పెట్టినంతసేపూ ఓపిక పడతారు, చల్లారే అర నిమిషం మాత్రం ఆగలేరు.

కత్తెర పెట్టకముందే..

అసలు పని కత్తెర పట్టకముందే మొదలవుతుంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుదించుకుపోవడం మామూలే. 15 అంగుళాల బ్లౌజు పొడవులో మూడు శాతం అంటే దాదాపు అర అంగుళం. పైగుడ్డ పట్టు, లోపల నూలు లైనింగ్ అయితే ఇంకా ఇబ్బంది. ఉతికాక లైనింగ్ కుంచించుకుని పైగుడ్డ ఉబ్బుతుంది. అందుకే..

- లైనింగ్ గుడ్డను, ఫాల్‌ను ముందే నీళ్లలో రెండు గంటలు నానబెట్టాలి. పిండకుండా నీడన ఆరేయాలి.
- పూర్తిగా ఎండకముందే, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఎండిపోయిన నూలు ముడత మొండిది. ఎంత వేడి పెట్టినా సరిగ్గా పోదు.
- గుడ్డ పొడవు పోగు వెంట ఇస్త్రీ చేయాలి. ఐమూలగా తోస్తే గుడ్డ వంకర తిరుగుతుంది. వంకర గుడ్డ మీద ఎంత సూటిగా కత్తిరించినా ముక్క వంకరే.
- రంగు దిగుతుందో లేదో ముందే చూసుకోవాలి. తడిపిన తెల్ల గుడ్డను ఓ మూల పెట్టి వేడి పెట్టెతో అదమండి. తెల్ల గుడ్డకు రంగు అంటిందంటే దాన్ని విడిగానే ఉతకాలి, లేత రంగు పక్కన కుట్టకూడదు.
- కాగితం నమూనా ముడతలు పడి ఉంటే తక్కువ వేడి మీద పొడి పెట్టెతో దాన్నీ సాపు చేసుకోవాలి. కాగితం ముడతే కొలతలో తేడా తెస్తుంది.

కుట్టు కుట్టుకీ ఒక అదుము

దర్జీలు పాటించే ఒక నియమం ఉంది. ఒక కుట్టు మీదుగా ఇంకో కుట్టు వెళ్లకముందే మొదటిదాన్ని అదమాలి. భుజం కుట్టు అదమకుండా దాని మీదుగా మెడ పట్టీ కుట్టేస్తే, ఆ తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా లోపలి గడ్డ పోదు.

అదమడంలోనూ రెండు దశలున్నాయి. మొదట కుట్టును మూసి ఉన్నట్టే, కుట్టిన దారం మీదే ఓసారి అదమాలి. దీంతో దారం గుడ్డలోకి సర్దుకుంటుంది. మిషన్ లాగిన చిన్న చిన్న ముడతలు పోతాయి. ఆ తర్వాతే అంచులను విప్పి రెండు వైపులా పరచాలి, లేదా ఒక వైపుకు మళ్లించాలి. మొదటి దశ వదిలేసి నేరుగా రెండో దశకు వెళ్లేవాళ్లే ఎక్కువ.

బ్లౌజు టక్కులకూ పద్ధతి ఉంది. నిలువు టక్కు మడతను మధ్య భాగం వైపు, అడ్డంగా వచ్చే ఛాతీ టక్కు మడతను కిందికి మళ్లించి అదమాలి. టక్కు కొన దగ్గర పెట్టె ఆపకండి, దాటకండి. కొన ముందే ఆగాలి. లేకపోతే అక్కడ బొడిపె పడుతుంది. టక్కు వేసిన చోట గుడ్డ గుండ్రంగా ఉంటుంది కాబట్టి చదును బల్ల మీద అదిమితే ఆ గుండ్రం పోతుంది. టర్కీ తువాలును గట్టిగా ఉండలా చుట్టి దాని మీద పరిచి అదమండి. పెద్ద దర్జీల దగ్గర ఇందుకు రంపపు పొట్టు నింపిన దిండు ఉంటుంది. ఇంట్లో తువాలు చాలు.

చేతుల కుట్టుకు అప్పడాల కర్ర అక్కరకొస్తుంది. కర్రకు నూలు గుడ్డ చుట్టి, చేతిలోకి దూర్చి, కుట్టు కర్ర మీద ఉండేలా పెట్టి అదిమితే రెండో వైపు మడత పడదు. హుక్సు పట్టీ, కాలరు, పర్సు ముక్క.. వీటికి వాడే బక్రం, పేస్టింగ్ గుడ్డకు జిగురు ఒక వైపే ఉంటుంది. గరుగ్గా, చిన్న చుక్కల్లా తగిలేదే జిగురు వైపు. దాన్ని గుడ్డ లోపలి వైపుకు పెట్టి, పైన చెమ్మ గుడ్డ వేసి, పది నుంచి పదిహేను సెకన్లు కదల్చకుండా అదమాలి. తోశారా.. బక్రం జరిగి ముడత పడుతుంది, అది ఇక ఊడదు. ముందు చిన్న ముక్క మీద చూసుకోవడం మంచిది. జిగురు వైపు పొరపాటున పెట్టెకు తగిలిందంటే తర్వాత తోసే ప్రతి బట్టకూ మరకే.

మందమైన కుట్టు ఎంత అదిమినా లేస్తుంటే చపాతీ పీట తీయండి. ఆవిరితో బాగా అదిమి, పెట్టె తీసిన వెంటనే పీటను కుట్టు మీద పెట్టి చేత్తో నొక్కి పట్టండి. కర్ర ఆవిరిని పీల్చి గుడ్డను చల్లారుస్తుంది. పదిహేను సెకన్లలో కుట్టు కాగితంలా పడుకుంటుంది. రంగు, వార్నిష్ లేని పీట అయితేనే సుమా.

కౌదికి కొత్త కళ

తెలుగువాళ్లు బొంత అంటారు. కన్నడిగులు కౌది అంటారు. పాత చీరలు, పంచెలు, చిరిగిన చొక్కాలు పొరలుగా పేర్చి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా రన్నింగ్ కుట్టు వేసుకుంటూ వెళ్లడం ఉత్తర కర్ణాటక పద్ధతి. బాలింతకు, పసిబిడ్డకు పాత మెత్తటి గుడ్డల బొంతే శ్రేష్ఠమని నమ్మకం. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టే కవందులు విదేశాల ప్రదర్శనల దాకా వెళ్లాయి. వాటి మూలల్లో మడిచి కుట్టే 'ఫూల' లేకపోతే కవంద్ పూర్తి కానట్టే లెక్క. సింధనూరు తాలూకాలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలున్నాయి. వాళ్ల బెంగాల్ కాంథా కూడా పాత చీరల పొరల మీద నడిచే ఇదే తరహా కుట్టు.

చేతి కౌదికి ఇస్త్రీ పెట్టె అవసరం పడలేదు. ముక్క అంచును వేలి గోటితో గీరి మడుస్తారు. పాత గుడ్డ మెత్తన కాబట్టి మాట వింటుంది. ఇప్పుడు విదేశీ బొంతల పుస్తకాల్లో 'వేలి అదుము' అని గొప్పగా చెప్పేది ఇదే. కానీ మిషన్ మీద కొత్త గుడ్డ ముక్కలతో, చదరాలు, త్రికోణాలు కలిపి కుట్టే బొంతల సంగతి వేరు. అక్కడ పెట్టె లేకపోతే లెక్క తప్పుతుంది.

ఎలాగంటే.. ఒక్కో కుట్టు దగ్గర సరిగ్గా అదమక ఒక్క మిల్లీమీటరు మడతలో పోయిందనుకోండి. 20 ముక్కల వరుసలో 19 కుట్లు ఉంటాయి. అంటే దాదాపు రెండు సెంటీమీటర్లు మాయం. పక్క వరుసలో అంత పోలేదనుకోండి, రెండు వరుసలూ కలవవు. లాగి కలిపితే బొంత మధ్యలో ఉబ్బుతుంది, అంచులు అలల్లా తిరుగుతాయి. చాలామంది కుట్టు తప్పిందనుకుని విప్పుతారు. తప్పింది అదుము.

- ముక్కలు కత్తిరించేముందు గుడ్డకు పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. బియ్యం పండే నేల మనది, గంజికి కొదవ లేదు. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా నిలబడుతుంది, త్రికోణం ముక్కల ఐమూల అంచు సాగదు. బొంత పూర్తయ్యాక తప్పక ఉతికేయాలి. గంజి ఉన్న గుడ్డను దాస్తే పురుగు పడుతుంది.
- బొంతల్లో కుట్టు అంచులను సాధారణంగా ఒక వైపుకే మళ్లిస్తారు. ముదురు రంగు వైపుకు మళ్లించండి. లేత రంగు కింద ముదురు గుడ్డ నీడలా కనబడకుండా ఉంటుంది.
- మొదటి వరుసలో అంచులన్నీ కుడికి, రెండో వరుసలో ఎడమకు మళ్లించండి. రెండు వరుసలు కలిపేటప్పుడు కుట్లు ఒకదానికొకటి ఒదిగి కూర్చుంటాయి. మూలలు గీత గీసినట్టు కలుస్తాయి, ఒకే చోట గడ్డ కట్టదు.
- లోపల పాలియెస్టర్ దూది పెట్టిన బొంతను పూర్తయ్యాక వేడి పెట్టెతో తోయొద్దు. దూది అణిగిపోయి అట్టలా తయారవుతుంది. పైపొర, అడుగుపొర విడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ ముగించాలి.

పాత కంబళే అసలు బల్ల

బొంతలు కుట్టేవాళ్ల కోసం విదేశాల్లో ఉన్నితో చేసిన అదుము పరుపులు అమ్ముతారు. ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది. పైనుంచి పెట్టె, కిందనుంచి ఉన్ని.. రెండు వైపులా వేడి తగిలి కుట్టు ఒక్క అదుముకే లొంగుతుంది. పైగా ఉన్ని గరుకుగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్క జరగదు. అంతా విని ఎక్కడ కొనాలా అని ఆలోచించక్కర్లేదు. మన దక్కను గొర్రెల ఉన్నితో కురుబలు నేసే కంబళి, తెలుగువాళ్ల గొంగడి అదే పని చేస్తుంది. పాత కంబళిని నాలుగు మడతలు వేసి, గట్టి బల్ల మీద పరిచి, పైన తెల్ల నూలు దుప్పటి బిగించి కట్టండి. మంచం మీద, పరుపు మీద ఇస్త్రీ చేయొద్దు. మెత్తటి చోట అదుము దిగదు. నైలాన్, రెగ్జిన్ షీటు అసలే వద్దు, కరిగి అంటుకుంటుంది.

ఏ బట్టకు ఎంత వేడి?

పెట్టె మీద, బట్టల లేబుల్ మీద చుక్కలు ఉంటాయి. ఒక చుక్క అంటే 110 డిగ్రీల సెల్సియస్ దాటొద్దు. రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. నూలు, నార బట్టకు మూడు. పట్టు, ఉన్నికి రెండు. నైలాన్, జార్జెట్ వంటి సింథటిక్‌కు ఒకటి. నూలు కరగదు, ఎక్కువైతే మాడుతుంది. సింథటిక్ అలా కాదు. నైలాన్ దాదాపు 220 డిగ్రీల దగ్గర, పాలియెస్టర్ 250 దాటాక కరుగుతాయి. అయితే అంతకు చాలా ముందే మెత్తబడి మెరుపు మచ్చ పడుతుంది. ఏ గుడ్డో తెలియకపోతే తక్కువ వేడితో మొదలుపెట్టి, కనబడని మూల చూసుకుని పెంచండి.

- గద్వాల చీర: నడుమ నూలు, అంచు, కొంగు పట్టు. ఒకే చీరలో రెండు లెక్కలు. నూలు వేడితో అంచు మీదికి వెళ్తే పట్టు దెబ్బతింటుంది. ముందు రెండు చుక్కల మీద అంచులు, కొంగు ముగించి, ఆ తర్వాతే వేడి పెంచి నడుము చేయండి.
- ఇల్కల్ చీర: కొంగును ఒడలి పోగులతో ఉచ్చులు వేసి కలిపే చోటు సున్నితం. దాన్ని సాగదీసి ఇస్త్రీ చేయొద్దు. నీళ్లు చిలకరించొద్దు. నూలు, పట్టు వేర్వేరుగా ముడుచుకుని అతుకు దగ్గర ముడతలు పడతాయి. లోపలి వైపు నుంచి అదమడమే మేలు.
- గుళేదగుడ్డ ఖణం: చిన్న బుట్టాలతో నేసిన రవికె గుడ్డ. బుట్టా పోగులు పైకి తేలి ఉంటాయి కాబట్టి బోర్లా వేసి, తువాలు మీద అదమండి.
- నారాయణపేట నూలు చీర: చెమ్మ మీద, లోపలి వైపు నుంచి. ముదురు రంగును పైనుంచి తోస్తే మెరుపు చారలు పడతాయి.
- జరీ: ఈ రోజుల్లో ప్లాస్టిక్ పొర జరీయే ఎక్కువ. వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పల్చటి మల్లు గుడ్డ అడ్డం వేయకుండా ఏ జరీ మీదా పెట్టె పెట్టొద్దు.
- మగ్గం వర్క్ బ్లౌజు: మెత్తటి తువాలు రెండు మడతలు వేసి, పని ఉన్న వైపు కిందికి పెట్టి లోపలి నుంచే అదమాలి. జిగురుతో అతికిన రాళ్లుంటే ఆ చోటు వదిలేయండి. జిగురు కరిగి రాయి ఊడుతుంది.
- వెల్వెట్: పైనుంచి అదిమితే పోగులు పడుకుని మచ్చ పడుతుంది. తువాలు మీద బోర్లా వేసి ఆవిరి మాత్రమే.

పట్టు మీద నీళ్లు చల్లకండి. చుక్క ఆరిన చోట మరక మిగులుతుంది. తేమ కావాలంటే గట్టిగా పిండిన మల్లు గుడ్డను పైన వేయడమే.

మాడితే.. అంటితే..

తెల్ల నూలు మీద లేత గోధుమ రంగు మచ్చ పడితే మందుల షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుడ్డతో అద్ది, కాసేపటికి ఉతికితే చాలావరకు పోతుంది. రంగు బట్టకు, పట్టుకు ఈ చిట్కా వద్దు. నల్లగా మాడినా, సింథటిక్ కరిగి మెరిసినా ఇక చేసేదేం లేదు. అందుకే గిరాకీ చీర మీద పెట్టె పెట్టేముందు పాత గుడ్డ మీద ఓసారి తోసి చూడటం అలవాటు చేసుకోవాలి.

పెట్టె అడుగున గంజి, జిగురు పేరుకుంటే బట్టకు మరకలంటుతాయి. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక వంట సోడా ముద్దతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి. నాన్‌స్టిక్ అడుగుకు చెమ్మ గుడ్డ మాత్రమే, పీచు పెట్టొద్దు. బోరు నీళ్లు కఠినమైన ఊళ్లలో ఆవిరి పెట్టెలో ఆ నీళ్లు పోస్తే రంధ్రాలు సున్నం పట్టి మూసుకుపోతాయి. తెల్ల పొడి రాలి ముదురు బట్ట మీద మరక చేస్తుంది. ఉప్పు లేని శుద్ధి నీళ్లే పోయాలి. పని అయ్యాక నీళ్లు వంపేయాలి.

కరెంటు లెక్క

వెయ్యి వాట్ల పెట్టె ఆగకుండా గంటసేపు వేడెక్కితే ఒక యూనిట్. రోజుకు అరగంట చొప్పున నెలకు 15 యూనిట్ల దాకా. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే. వంద వాట్ల మిషన్ మోటారు రోజుకు నాలుగు గంటలు తిరిగినా నెలకు 12 యూనిట్లే. అంటే అరగంట ఇస్త్రీ, నాలుగు గంటల కుట్టుతో పోటీ పడుతుంది. 2023లో అమల్లోకి వచ్చిన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితమే అయినా, ఒక్కో ఇంటికీ పాత వాడకాన్ని బట్టి కోటా ఉంటుంది. అది దాటితే పైది కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాల్సిందే. పెళ్లిళ్ల సీజనులో ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

పొదుపుకు దారి ఉంది. ఒక్కో కుట్టుకు పెట్టె వేడి చేయకుండా, నాలుగు బ్లౌజులకు ఒకదాన్నొకటి దాటని కుట్లన్నీ ముందు వేసేసి, అన్నీ కలిపి ఒకేసారి అదమండి. తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి నూలుతో ముగించండి. చివర్లో స్విచ్ తీసేసి, మిగిలిన వేడితో రుమాళ్లు, ఫాల్స్ చేసుకోవచ్చు. ఎండాకాలంలో తెల్లవారుజామునే ఈ పని ముగిస్తే ఒంటికీ మంచిది.

భద్రం..

మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్ లేకుండా పెట్టె వాడొద్దు. తడి నేల మీద నిలబడి చేయొద్దు. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కాలుతుంది. పెట్టెను పడుకోబెట్టి పక్కకు వెళ్లొద్దు, నిలబెట్టాలి. తీగ వేలాడకుండా చూడాలి. పాకే పిల్లలు దాన్నే లాగుతారు. బొగ్గుల పెట్టె అయితే తలుపులు మూసిన గదిలో వద్దు. కంటికి కనబడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

చెయ్యి కాలిందా.. పేస్టు, నెయ్యి, సిరా పూయొద్దు. 20 నిమిషాలపాటు పారే చల్లటి నీళ్ల కింద పెట్టాలి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయాలి. బొబ్బ చిదమకూడదు. పెద్ద గాయమైనా, పసిపిల్లలకైనా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

సాయం అందుకోవచ్చు

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, చాకలి పనీ ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేలు, ఐదు శాతం వడ్డీతో ముందు రూ.లక్ష, అది తీర్చాక రూ.2 లక్షల వరకు రుణం ఇందులో ఉంటాయి. 18 ఏళ్లు నిండి సొంతంగా ఆ వృత్తి చేస్తుండాలి. కుటుంబంలో ఒకరికే వర్తిస్తుంది. కామన్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ పనిముట్ల డబ్బుతో కొత్త మిషన్ ఒక్కటే కాకుండా, మంచి థర్మోస్టాట్ ఉన్న పెట్టె కూడా తీసుకుంటే పనికి నిండుదనం వస్తుంది.

కొత్త గుడ్డ కొనక్కర్లేదు, కొత్త డిజైను నేర్చుకోనక్కర్లేదు. తర్వాతి బ్లౌజు కుట్టేటప్పుడు భుజం కుట్టు పడగానే మిషన్ ఆపి, లేచి, ఒక్కసారి అదిమి చూడండి. ఆ అర నిమిషం దండగ కాదు. రేపు అదే కుట్టు విప్పి మళ్లీ వేసే అరగంట మిగులుతుంది.